నౌక నెక్కుటకు ముందు

నంద్యాలసీమ మీదుగా పోవు కె.సి. కాలువను 19వ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సేద్యమునకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశించి త్రవ్వించినది. పడవలు పోయినవి, పైరు మిగిలినది. నేటి నంద్యాల, ఆళ్ళగడ్డ వాసులకు నీటి ప్రయాణము క్రొత్త.

2022లో విశాఖనుండియు విహారనౌక కదలినది. జీతములో కొంత కూడబెట్టి, అప్పు చేయక కుటుంబముతో సముద్రము చూచుట మేలే. టిక్కెట్టు ధరలో ఏవి చేరినవో, ప్రయాణము మానినచో ఎంత తిరిగివచ్చునో ముందే చదువవలెను. ఈ చదువు లెక్కకొరకే కాదు, ప్రాణముకొరకు. తిరిగిరాని సొమ్మే మనుష్యుని ఎక్కరాని పడవ నెక్కించును.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. కుటుంబములు చెదరిపోయినవి. రుసుము చెల్లించినంత మాత్రమున నీరు పూచీపడదు.

పెద్ద నౌకలలో ఆపదవేళ ఎచ్చట గుమిగూడవలెనో ముందే చూపుదురు. చిన్న పడవలో లైఫ్‌జాకెట్టు ఒడ్డుననే కట్టుకొనవలెను. ఇవి బడిలో నేర్పదగిన పాఠములు. వీనికి మించినది మరొకటి కలదు: జనము క్రిక్కిరిసినపుడు, నది పోటెత్తినపుడు, కట్టిన డబ్బు పోయినను పిల్లల చేయిపట్టుకొని ఒడ్డుననే నిలిచిపోవుట. అది పిరికితనము కాదు, గృహస్థధర్మము.