ఎలుక చెప్పేది సగమే

క్యాన్సర్ కణం బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి కాదు, శరీరంలోనే దారి తప్పిన కణం. రోగనిరోధక వ్యవస్థ దాన్ని తేలిగ్గా పట్టుకోలేకపోవడానికి ముఖ్య కారణం అదే. అయితే దారి తప్పిన కణం కొన్ని ఆనవాళ్లు విడుస్తుంది. కొన్ని ప్రొటీన్లు దానిపై మామూలుకన్నా ఎక్కువగా పేరుకుంటాయి. మరికొన్ని ఉండకూడని చోట కనిపిస్తాయి. వీటినే కణితి సంబంధిత యాంటీజెన్లు అంటారు. రొమ్ము క్యాన్సర్లు కొన్నింటిలో హెర్2, పెద్దపేగు క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, కొన్ని రక్త క్యాన్సర్లలో సీడీ19 ఇలాంటివే. చాలా ఇమ్యునోథెరపీ మందులు గురిపెట్టేది వీటికే.

ఈ గురి మొదట కుదిరింది ఎలుకల్లో. రసాయనంతో పుట్టించిన కణితికి ముందుగా అలవాటు చేసిన ఎలుకలు, అదే కణితిని మళ్లీ నాటితే తిప్పికొట్టాయి. ఆ కణితి వచ్చిన జంతువు మామూలు చర్మాన్ని అతికితే మాత్రం ఏమీ అనలేదు. రిచ్‌మండ్ ప్రెన్, జోన్ మెయిన్ 1957లో చూపిన ఈ తేడాతో, కణితిని గుర్తుపట్టే ఆనవాలు ఉందని తేలింది. టెరీ బూన్ బృందం ఎలుక కణితుల్లో మొదలుపెట్టిన వెతుకులాటే 1991లో మనిషి మెలనోమాలోని మేజ్-1 జన్యువు దాకా నడిపించింది.

ఈ కథలో తెలుగువారి పాత్ర కూడా ఉంది. ఎలుకలో తయారైన యాంటీబాడీని మనిషికి ఎక్కిస్తే, శరీరం దాన్నే పరాయిదిగా చూస్తుంది. ఎలుకలోని సొంత యాంటీబాడీ జన్యువులను పనిచేయకుండా చేసి, వాటి స్థానంలో మనిషి జన్యువులను పెట్టి తయారుచేసిన ‘జెనోమౌస్’ ఆ చిక్కు విప్పింది. దీని రూపకర్తల్లో ఒకరు కాకినాడలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన జన్యుశాస్త్రవేత్త రాజు కూచెర్లపాటి. ఈజీఎఫ్ఆర్‌ను పట్టుకునే పానిటుముమాబ్ ఈ ఎలుకల నుంచే వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవారికి 2006లో అమెరికాలో అనుమతి పొందింది.

ఈ మందు చరిత్రను దగ్గరగా చూస్తే ఎలుక ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలుస్తుంది. రోగనిరోధక వ్యవస్థలో భాగమైన టి కణాలు లేని, వెంట్రుకలు లేని ‘న్యూడ్’ ఎలుకల్లో మనిషి కణితిని పెంచి ఈ యాంటీబాడీ ఇస్తే, బాగా పెరిగిన కణితులు సైతం కరిగిపోయాయి. మనుషుల్లో మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి చర్మ సమస్యలు వచ్చాయి. కారణం సూటిగానే ఉంది. ఈజీఎఫ్ఆర్ మన చర్మంలోనూ ఉంటుంది. ఈ యాంటీబాడీ ఎలుక ఈజీఎఫ్ఆర్‌ను పట్టుకోదు కాబట్టి, ఆ ఎలుక ఒంట్లో దానికి తగిలే లక్ష్యం కణితి ఒక్కటే. ఎలుక చర్మానికి ఏమీ కాలేదంటే మందు నిరపాయమని కాదు, అసలు అక్కడ పరీక్షే జరగలేదని అర్థం. పైగా కణితిలో కేరాస్ జన్యువు మారిపోయి ఉన్న రోగులకు ఈ మందు పనిచేయదని 2008 నాటికి తేలింది.

కడప జిల్లా చక్రాయపేట వైపు వేరుశనగ రైతుకు ఇది తెలిసిన లెక్కే. కలుపు చచ్చిందా అని మాత్రమే చూసి ఎవరూ మందు కొనరు, పైరు నిలిచిందా అని కూడా చూస్తారు.

పైరును చూడకపోతే మూల్యం ప్రాణమే కావచ్చు. మేజ్-1 కుటుంబానికే చెందిన మేజ్-ఎ3 యాంటీజెన్‌ను వేటాడేలా మార్చిన టి కణాలు ఇద్దరు రోగుల గుండె కండరంలోని టైటిన్ అనే ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడి వారి మరణానికి కారణమయ్యాయని 2013లో వెల్లడైంది. మనిషి కణజాల గుర్తులు లేని మామూలు ఎలుకలో ఆ ప్రమాదం కనిపించదు. ప్రయోగశాలలో మూలకణాల నుంచి పెంచిన, కొట్టుకునే గుండె కణాల్లో కనిపించింది. సీడీ19 దీనికి భిన్నం. అది ఆరోగ్యమైన బి కణాలపైనా ఉన్నా, అవి పోతే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి నెట్టుకురావచ్చు. భారత్‌లో 2023 అక్టోబరులో అనుమతి పొందిన, రోగి టి కణాలనే మార్చి ఎక్కించే కార్-టి చికిత్స నెక్స్‌కార్19 గురి కూడా అదే. అంటే మంచి లక్ష్యం కణితిపై దండిగా ఉంటే చాలదు. అది ఇంకెక్కడ ఉంది, అక్కడ పోతే మనిషి బతకగలడా అన్నదే అసలు ప్రశ్న.

కొత్త మందుల నిబంధనలను 2023లో సవరించి, జంతువులకు బదులు మనిషి కణాలతో చేసే పరీక్షలకు భారత్ చోటిచ్చింది. ఇది మంచి అడుగే. కానీ పాత్రలో పెంచిన కణాల గుత్తికి ప్లీహం ఉండదు, లింఫ్ గ్రంథులు ఉండవు, వారాల తరబడి సాగే రోగనిరోధక పోరాటం అందులో జరగదు. అందుకు ఎలుక కావాలి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ జంతు కేంద్రం, జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రం ఉన్నందున ఈ రెండు దారులనూ కలిపి నడిపే అవకాశం తెలుగు నేలకు ఉంది. ప్రతి కొత్త యాంటీజెన్‌నూ ఎలుకలో గురికి, మనిషి కణజాలాల్లో భద్రతకు విడివిడిగా పరీక్షించడం నియమం కావాలి.

పాఠకులు గుర్తుంచుకోవలసిందీ ఉంది. ఎలుకలో కణితి కరిగిందన్న వార్త వస్తే, అది పరిశోధన మొదలైందన్న వార్త. రోగికి మందు దొరికిందన్న వార్త కాదు.