అద్దానికి అవతలి పక్క

మొన్న మా ఆఫీసులో ఒకాయన దుబాయ్ వెళ్లొచ్చి బుర్జ్ ఖలీఫా ఫోటోలు చూపించాడు. 828 మీటర్లు, 2010 జనవరి 4న ఓపెనింగు... అన్నీ గడగడా చెప్పి, "అద్దాలు ఎలా మెరుస్తున్నాయో చూడు బాస్" అన్నాడు. ఆ మెరుపు దానంతటదే రాదు బాబూ అందామనుకొని ఊరుకున్నా. అందుకే ఈ టపా.

మాది కోరుట్ల. మా పెద్దనాయన కొడుకు దుబాయ్‌ల పదకొండేండ్లు, తాళ్లకు వేలాడే తొట్టిలో నిలబడి ఇట్లాంటి బిల్డింగుల అద్దాలు తుడిచిండు. "కిందికి చూడొద్దు తమ్మీ, అద్దంల మన మొఖమే చూసుకుంట తుడవాలె" అనేటోడు. అన్న తిరిగొచ్చిండు. అదే రూములో ఉన్న సిరిసిల్ల పిల్లగాడు రాలే. డ్యూటీ చేసి పడుకున్నోడు తెల్లారి లేవలే.

"చదువుకోలేదు, ఏజెంట్ల చేతిలో మోసపోయారు, ఎవరు పొమ్మన్నారు?" అనడం మన ఐటీ జనాలకు అలవాటు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వీసా కోసం కన్సల్టెన్సీల చుట్టూ మనం తిరగలేదా? దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నోళ్లు మనలో లేరా? మనకు ఎదురుదెబ్బ తగిలితే ఇంకో ఉద్యోగం. వాళ్లకు మిత్తి మీద మిత్తి.

"ఇన్సూరెన్స్ ఉందిగా" అంటారా? ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన, 10 లక్షలు. కానీ ప్రమాదంలో పోతేనే. నిద్రలో గుండె ఆగితే సహజ మరణం, ఆ పది లక్షలు రావు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది. అంటే ఆ ఎండ మనిషిని ఏం చేస్తుందో అక్కడి సర్కారుకు తెలుసు. మన బీమాకే తెలీదు!

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలిస్తూ ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ అది శవప్పెట్టె వచ్చాక ఇచ్చే డబ్బు. పోయే ముందు సంగతేంటి? బీమాలో సహజ మరణాన్ని కూడా చేర్చాలని మనమెందుకు అడగం?

సర్కారును అనే ముందు మన సంగతి చూద్దాం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో చూడొచ్చు, ఐదు నిమిషాల పని. క్లయింటు బగ్గు కోసం రాత్రి రెండింటిదాకా మేలుకుంటాం. జగిత్యాల నుంచి చుట్టం ఫోన్ చేసి "విజిట్ వీసా మీద పొమ్మంటున్నరు, ఏం జెయ్యాలె" అంటే మాత్రం "మీటింగులో ఉన్నా" అంటాం. నేనూ అన్నాను. ఒకసారి కాదు.

నిన్న మా హైటెక్ సిటీ ఆఫీసు అద్దం బయట తాడుకు వేలాడుతూ ఒకతను కనిపించాడు. స్క్రీన్ మీద నీడ పడుతోందని పక్క సీటాయన బ్లైండ్స్ దించేశాడు.

లేచి మళ్లీ పైకి లాగాను. ఇద్దరికీ కోపమొచ్చింది, రానీ.