గోడలును అంగీలును

దుస్తులను గూర్చి పెద్దలు పిన్నలను మందలించుట లోకమునకు క్రొత్త కాదు. తాతలు కోటు తొడిగిన కుమారులను మందలించిరి. ఆ కుమారులు బెల్‌బాటము తొడిగిన తమ బిడ్డలను మందలించిరి. ఆ బిడ్డలే నేడు పెద్దలై, ఱొమ్మున వంకరటింకర రాతలుగల టీషర్టు తొడిగిన సంతానమును మందలించుచున్నారు. “గోడలు ఖరాబు చేయువారి రాత యిది, దీనిని ఒంటిపై వేసికొనుట యేమి మర్యాద?” అను మాట ఇందూరునను బోధనునను మేము తఱచుగా వినుచున్నాము. ఈ మాటలో సగము సత్యము, సగము అన్యాయము. రెంటిని వేఱుచేసి చూపుట అవసరమని తలంచుచున్నాము.

మొదట సత్యమును చెప్పుదము. ఆ రాత నిజముగా గోడరాతయే. 1970 ప్రాంతమున న్యూయార్కు నగరమందలి బీదపేటల బాలురు తమ పేళ్లను రంగుడబ్బాలతో గోడలమీదను, భూగర్భరైళ్ల పెట్టెలమీదను చిమ్మి వ్రాయదొడగిరి. పత్రికల కెక్కని పేళ్లకు రైలుపెట్టెయే పత్రిక యయ్యెను. నగరాధికారులు దానిని నేరమని తుడిపించిరి. అంతట నా యక్షరములు దుస్తులమీదికి నెక్కినవి. బాలురు తమ కోటుల వీపులపై వానిని చిత్రించుకొనిరి. కీత్ హేరింగను చిత్రకారుడు 1980 మొదలు రైలుస్టేషనులలో ప్రకటనలు లేక వెలవెలబోవు నల్లకాగితములపై సుద్దతో బొమ్మలు గీసి, 1986లో తానే యొక దుకాణము దెఱచి, ఆ బొమ్మలను టీషర్టులపై అచ్చువేసి విక్రయించెను. 1989లో ఒక కుస్తీవీరుని మొగముగల కాగితపుబిళ్లలను వీధుల నతికించిన షెపర్డు ఫెయిరీ, 2001లో దుస్తుల వ్యాపారమునే స్థాపించెను. ఇట్లు వీధిగోడ అంగడి కెక్కినది. అంగడినుండి లోకమంతట వ్యాపించినది. దాని నకలునకు నకలు నేడు మన తోపుడుబండ్లపై కుప్పలుగా నున్నది. దుబాయి, మస్కటులనుండి వచ్చు అన్నలు తమ్ములకై దానినే తెచ్చుచున్నారు.

ఇక అన్యాయ మేది? గోడపై బొమ్మ వస్త్రముపై కెక్కుట పరాయి యాచారమనుట అన్యాయము. శ్రీకాళహస్తి కలంకారీ యెట్టిది? వెదురుకలముతో పురాణకథలను గుడ్డపై చిత్రించి దేవాలయములలో వ్రేలాడగట్టుటకు పుట్టిన కళ కదా! అది నేడు చీరయైనది, చొక్కాయైనది. దానిని ధరించిన గృహిణిని ఏ పెద్దయు “గుడిలో వ్రేలాడవలసిన గుడ్డను కట్టితివేల?” అని యడుగడు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడి మదనికలలో నొకతె ఎత్తుమడమల పాదరక్షలు తొడిగియున్నది. శిల్పి వేషమును గోడ కెక్కించెను. చేనేతగాడు గోడబొమ్మను వేషమున దింపెను. ఈ రాకపోకలు మన యింటివే.

అంతకన్న దగ్గరి సాక్ష్యము మన వాకిటనే యున్నది. తెల్లవాఱకముందే లేచి, వాకిలి నలికి, వీధిలో ముగ్గు పెట్టు తల్లి యెవరు? కూలి లేని, పేరు లేని వీధిచిత్రకారిణి కాదా? జాజును సున్నమును దెచ్చి గోడకును గడపకును అంచులు దీర్చినది ఆమె చేతులే. ఆ తల్లి కుమార్తెయే నేడు బొమ్మగల టీషర్టు తొడిగి కళాశాలకు బోయిన, వీధి యంతయు నోరు విప్పుచున్నది. కుమారుని టీషర్టునకు నవ్వి యూరకుందురు. కుమార్తె టీషర్టునకు చదువు మాన్పింతుమని బెదరింతురు. వీధిలో ముగ్గు పెట్టిన చేయి మెచ్చదగినదైన, వీధిలో నడచు బిడ్డ నిందింపదగినది ఎట్లగును? మర్యాదయను పేర సాగు ఈ పక్షపాతమును మేము మర్యాద యని యొప్పుకొనజాలము.

మఱి మేము ఆ టీషర్టును మెచ్చుచున్నామా? మెచ్చుటలేదు. మా యభ్యంతరము వేఱు. నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట మంజీరానీటితో చెఱకు విస్తరించి, 1937లో బోధను శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఆసియాఖండముననే పెద్దదని పేరుగాంచిన యా కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. “ఫ్యాక్టరీ మనిషి” యనిన తండ్రికి ఊరిలో ఉద్దెర పుట్టెడిది. పిల్లనిచ్చువారును ముందుకు వచ్చెడివారు. కుమారునకు ఆ పేరు లేదు. పేరు పోయినవాడు ఎవనిపేరో ఱొమ్మున వ్రాసికొనును. న్యూయార్కు బాలుడు తన పేరును తన వీధిగోడపై వ్రాసెను. మన బాలుడు ఆ పేరును చదువనైనను లేక తొడుగుకొనుచున్నాడు. వాడు గోడరాతను ధరించుట దోషము కాదు. వాడు వ్రాసికొన దగిన గోడ వాని యూరిలో లేకపోవుటయే దోషము.

ఊరిలో గోడలు లేవా? కలవు, కాని యవి యెవరివి? ఒకదానిపై సిమెంటు ప్రకటన; ఒకదానిపై కళాశాల ర్యాంకులు; ఒకదానిపై మూలశంక వైద్యుని చిరునామా; మిగిలిన తావులందు జన్మదిన శుభాకాంక్షలతో నాయకుల ముఖములు. పూర్వము ఈ ప్రకటనలనైనను చేతితో వ్రాయు చిత్రకారు డొకడుండెడివాడు. అక్షరమునకు నీడ యెట్లు దీర్పవలయునో, ‘క్ష’వత్తును ఎచట నిముడ్పవలయునో వానికి తెలియును. గత యిరువదియేండ్లలో ఫ్లెక్సీ యంత్రము వాని కుంచెను లాగికొన్నది. గాలికి చినిగినను మట్టిలో కుళ్లని ఆ ప్లాస్టికు గుడ్డ మన వీధికి చిత్రశాలయైనది. దుస్తులను నిందించు పెద్దలే ఆ ఫ్లెక్సీలపై చేతులు జోడించి నిలుచుచున్నారు! యువకుడు కన్ను తెఱచినది మొదలు చూచుచున్నది మీ ముఖములనే. విసిగి పరాయి గోడవైపు చూచినచో తప్పెవరిది?

గోడరాత యనిన అల్లరిచేష్ట యని భావించువారికి మా యూరి చరిత్రనే జ్ఞాపకము చేయుదుము. 1948 ప్రాంతమున నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్యులు బందీగా నుండిరి; వట్టికోట ఆళ్వారుస్వామి తోడిబందీ. కాగితము కఱవైన చోట దాశరథి బొగ్గుముక్కతో జైలుగోడపై నిజామును ధిక్కరించు పద్యములను వ్రాసిరి. నాటి పాలకుల కది నేరము. నేడు మనకది కీర్తి. తెలంగాణమున మిక్కిలి ప్రసిద్ధమైన గోడరాత ఇందూరుదే! అట్టి యూరి బాలుని ఱొమ్మున న్యూయార్కు పేట పేరుండి, తన యూరి యక్షర మొక్కటియు లేకపోవుట కన్న దారిద్ర్య మేమున్నది?

“అట్లయిన ఎవని గోడపైనను ఎవడైనను వ్రాయవచ్చునా?” యని కొందఱడుగుదురు. వ్రాయరాదు. ఒరుల గోడను పాడుచేయు హక్కు రాజకీయపక్షమునకు లేనట్లే బాలునకును లేదు. అడిగి, యిచ్చి, వ్రాయించు మార్గము కలదు. 2016లో హైదరాబాదు మక్తాలో స్టార్ట్ ఇండియా సంస్థవారు నివాసుల యిండ్ల గోడలనే చిత్రములతో నింపిరి. రాజధానికి సాధ్యమైనది ఇందూరు నగరపాలకసంస్థకును బోధను పురపాలకసంఘమునకును అసాధ్యము కాదు.

కావున మా కోరిక లివి. ప్రతి వార్డున కొన్ని ప్రభుత్వపు గోడలనైనను ప్రకటనలనుండి విడిపింపుడు. కుంచె వదలి కూలికి బోయిన బోర్డుచిత్రకారులను పిలిచి, కూలి యిచ్చి, పాఠశాలల పిల్లలకు గురువులుగా నిలుపుడు. చెఱకుతోట, బీడీ చుట్టు తల్లి, గల్ఫునకు బోవు తండ్రి, మూతపడిన పొగగొట్టము, బతుకమ్మ, ఉర్దూ తెలుగు లిపులు రెండును ఆ గోడల కెక్కనిండు. ఆ బొమ్మలను నూలు అంగీలపై అచ్చువేసి అమ్ముడు. కాని గీసినవాని యనుమతియు, వానికి భాగమును మఱవకుడు. గోడపై నున్నంతమాత్రమున బొమ్మ ఎల్లవారి సొత్తు కాదు. ముంబయి గోడచిత్రమును తన ప్రకటనకు వాడుకొనిన యొక భీమాసంస్థను, సామాజిక మాధ్యమములనుండి దానిని తొలగింపుమని ఢిల్లీ హైకోర్టు 2023లో ఆదేశించినది.

పెద్దలకు మా విన్నపము: బిడ్డల అంగీలను చింపుటకు ముందు మీ ఫ్లెక్సీలను దింపుడు. యువజనులకు మా విన్నపము: మీ ఱొమ్మున నున్న అక్షరమేమో అడిగినవారికి చెప్పగలవారు కండు. చెప్పలేనిచో దానిని విప్పవలసిన పని లేదు. దాని ప్రక్కన మీ పేరు వ్రాయుడు. గోడ మనదైన నాడు అంగీయు మనదగును.