నగరానికి ఒక్క గేరు చాలు

సైకిల్ షాపులో అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న “గేర్లదా, గేర్లు లేనిదా?” అన్నది. అడిగేవాడి చెయ్యి అప్పటికే గేర్ల సైకిళ్ల వరుస వైపు చూపిస్తూ ఉంటుంది. ఇరవయ్యొక్క గేర్లు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు, ముందు ఫోర్కులో స్ప్రింగులు. ఇన్ని హంగులున్న బండి పక్కన ఒకే చైన్ వీలు, ఒకే ఫ్రీవీలు ఉన్న సైకిల్ బోసిగా కనిపిస్తుంది. ఆఫీసుకో కాలేజీకో కూరగాయల మార్కెట్టుకో రోజూ ఐదు నుంచి పది కిలోమీటర్లు తొక్కాలనుకునే మనిషికి ఆ బోసి సైకిలే సరైనదని నా అభిప్రాయం. పాత రోజుల మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఉత్సాహంగా కొన్న సైకిల్ ఆర్నెల్లకే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ముకొట్టుకుపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు గానీ, మరమ్మతుల విసుగు వాటిలో పెద్దది. ఆ విసుగులో ఎక్కువ భాగం గేర్లతోనే వస్తుంది.

ముందు ఆ ఇరవయ్యొకటి లెక్క తేల్చుకుందాం. ఈ తరగతి సైకిళ్లలో తరచూ కనిపించే అమరికలో ముందు 28, 38, 48 పళ్లతో మూడు చైన్ వీళ్లు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు చక్రాలు ఉంటాయి. మూడింటిని ఏడుతో హెచ్చవేసి ఇరవయ్యొకటి అని స్టిక్కరు అంటిస్తారు. ముందు 48 పళ్ల మీద, వెనక 24 పళ్ల మీద చైను ఉన్నప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. ముందు 28, వెనక 14 మీద ఉన్నా సరిగ్గా రెండు చుట్లే. పేరుకు అవి రెండు గేర్లు, కాలికి తెలిసేది ఒక్కటే. ఇలాంటి కవలలు, దాదాపు కవలలు ఇంకా కొన్ని ఉన్నాయి. ముందు అన్నిటికన్నా పెద్దది, వెనకా అన్నిటికన్నా పెద్దది పెట్టి తొక్కితే చైను అడ్డంగా వంకరపోతుంది కాబట్టి అలాంటి జతలు వాడొద్దని తయారీదారులే చెబుతారు. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి పది, పన్నెండు. ఇప్పుడు ఒక్క గేరు సైకిల్ లెక్క చూడండి. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు అనుకుంటే, పెడల్ ఒక చుట్టుకు సైకిల్ ఐదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. నిమిషానికి 40 చుట్లు తాపీగా తొక్కితే గంటకు 12 కిలోమీటర్లు, 85 చుట్లు గట్టిగా తొక్కితే 26 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, విజయవాడలో బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడవునా సైకిల్ మీద పోయేవాడికి కావలసిన వేగాలన్నీ ఈ రెండంకెల మధ్యలోనే ఉన్నాయి. అంతకన్నా వేగంగా పోదామన్నా ముందున్న ఆటో పోనివ్వదు.

గేర్లు వాడకపోతే పోయె, ఉంటే నష్టమేముంది అనొచ్చు. ఉంది. వెనక చక్రం పక్కన వేలాడుతూ చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డిరైలర్‌ను చాలా సైకిళ్లలో ఫ్రేముకు పట్టి ఉంచేది వేలెడంత మెత్తటి అల్యూమినియం ముక్క. పార్కింగులో పక్కనున్న బైకు ఒరిగి సైకిల్ కుడివైపుకి పడిందంటే ఆ ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి వంగుతుంది. కంటికి కనపడదు. ఆ రోజు నుంచి మాత్రం షిఫ్టర్ ఒకసారి నొక్కితే గేరు మారదు, రెండోసారి నొక్కితే రెండు గేర్లు దూకుతుంది. తొక్కుతుంటే టకటకమని చప్పుడు. ఇంకాస్త వంగితే డిరైలర్ పోయి స్పోకుల్లో చిక్కుకుంటుంది, చక్రమూ గేర్ సెట్టూ ఒకేసారి పోతాయి. దీనికి తోడు మన దుమ్ము, మన వాన. గేర్ల సైకిల్‌కు సన్నటి చైను, సన్నటి పళ్లు ఉంటాయి. రోడ్డు మీది ఇసుక నూనెలో కలిసి గంధంలా మారి వాటిని అరగదీస్తుంది. చైను సాగుతుంది, సాగిన చైను పళ్లను తింటుంది. ఒక్క గేరు సైకిల్ చైను వెడల్పుగా ఉంటుంది, ఎప్పుడూ తిన్నగా ఒకే గీత మీద నడుస్తుంది, చుట్టూ నిండు కవరు తొడగొచ్చు. పక్కన ఏడు చక్రాల కట్ట లేదు కాబట్టి వెనక చక్రంలో రెండు వైపులా స్పోకులు సమానంగా బిగుస్తాయి, గుంతలో పడ్డా రిమ్ము త్వరగా వంకర తిరగదు. చైను వదులైతే రెండు నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, మళ్లీ బిగిస్తే సరి. వీధి చివర గాలి పంపు, నీళ్ల తొట్టి పెట్టుకుని కూర్చునే మెకానిక్‌కు ఈ పని కళ్లు మూసుకుని వచ్చు. గేర్లు ట్యూను చేయడం అందరికీ రాదు. వచ్చినవాళ్లు నగరంలో పెద్ద షాపుల్లో ఉంటారు, అక్కడికి చెడిపోయిన సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లాలి.

నగరంలో తొక్కుడంటే ఎక్కువగా ఆగడం, మళ్లీ కదలడం. గేర్ల సైకిల్ మీద సిగ్నల్ దగ్గర ఆగే ముందే తేలిక గేరులోకి మార్చుకోవాలి, ఎందుకంటే డిరైలర్ పనిచేయాలంటే చైను నడుస్తూ ఉండాలి. ఎదురుగా ఎవరో అడ్డొచ్చి ఒక్కసారిగా బ్రేకు వేస్తే మార్చుకునే వ్యవధి ఉండదు. పచ్చలైటు పడ్డాక బరువు గేరులో మూలుగుతూ కదలాలి, లేదంటే పెడల్ మీద నిలబడి బలమంతా వేస్తూనే గేరు మార్చబోతే చైను ఊడి పడుతుంది. వెనక బస్సు హారన్ కొడుతుండగా చైను ఎక్కించుకోవడం ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క గేరు సైకిల్ మీద ఈ ఆలోచనే ఉండదు. ఎప్పుడు ఆగినా, ఎలా ఆగినా కదలడానికి పట్టే బలం ఒకటే. ఆ బలం ఎంతో కాలికి వారం రోజుల్లో అలవాటవుతుంది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

మరి ఎత్తుల మాటేమిటి? ఇది గట్టి అభ్యంతరమే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సగటున 542 మీటర్ల ఎత్తున ఉంటే బంజారాహిల్స్‌లో ఎత్తైన చోటు 672 మీటర్లు. విశాఖలో బీచ్ రోడ్డు చదునే గానీ ఊళ్లోకి తిరిగితే ఎక్కుడూ దిగుడూ తప్పవు. 44కు 18 పళ్ల అమరికతో గంటకు పది కిలోమీటర్ల వేగాన ఎత్తు ఎక్కుతున్నారంటే పెడల్ నిమిషానికి 32 చుట్లే తిరుగుతోందన్నమాట. అంత నెమ్మదిగా, అంత బలంగా తొక్కితే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. అయితే దీనికి పరిష్కారం గేర్లు పెంచడం ఒక్కటే కాదు. షాపువాడు ఇచ్చిన 18 పళ్ల ఫ్రీవీలు తీయించి 20 పళ్లదో 22 పళ్లదో వేయించుకుంటే సరిపోయే సందర్భాలే ఎక్కువ. 20 పళ్లదైతే ప్రతి తొక్కుకూ పట్టే బలం పది శాతం తగ్గుతుంది, 22 అయితే 18 శాతం. పోయేదల్లా పల్లంలో పరుగు, అది నగరంలో ఎలాగూ అక్కరకు రాదు. పైగా నగరపు ఎత్తులు చాలావరకు ఫ్లైఓవర్ అంత పొడవువి, నిలబడి తొక్కితే నిమిషం, రెండు నిమిషాల్లో అయిపోతాయి. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదలైంది 1903లో, అందులో డిరైలర్‌కు అనుమతి ఇచ్చింది 1937లో. అప్పటిదాకా పోటీదారులు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న తేలిక పళ్ల మీదికి తిప్పి బిగించుకుని పర్వతాలు ఎక్కేవారు. వాళ్లు క్రీడాకారులు, మనం కాదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు ఎక్కింది పిరనీస్ పర్వతాలు, మనం ఎక్కేది మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్. మరీ కష్టమైన చోట దిగి నాలుగు అడుగులు నడిపించుకుపోతే పరువేమీ పోదు. విజయవాడ, కాకినాడ, భీమవరం, రాజమండ్రి లాంటి ఊళ్లలో ఆ అవసరమూ రాదు.

పరువు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. గేర్లు లేని సైకిల్‌ను పేదవాడి బండిగా చూడటం మనకు అలవాటైంది. లూధియానాలో 1956లో పుట్టిన హీరో సైకిల్స్, 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే సంస్థగా గిన్నిస్‌కు ఎక్కింది ప్రధానంగా గేర్లు లేని సైకిళ్లతోనే. 2011 జనాభా లెక్కల నాటికి వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక వేరే పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం పనికి సైకిల్ మీదే వెళ్లేవారు, మోటారు సైకిల్, స్కూటర్ల మీద వెళ్లేవారి కన్నా కాస్త ఎక్కువే. బిహార్‌లో 2006లో హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్ల పథకం పెట్టినప్పుడు, బడిలో చేరే అమ్మాయిల సంఖ్య దాదాపు 30 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. ఆ మార్పు తెచ్చినవీ గేర్ల సైకిళ్లు కావు. మన దగ్గర నాలుగు దశాబ్దాలుగా బ్యాలెట్ మీద ఓట్లు అడుగుతున్న సైకిల్‌కూ గేర్లు లేవు. దాని పరువుకేం లోటు వచ్చింది?

ఒక్క గేరు వైపు మొగ్గినవాళ్లలో కుర్రకారు కొందరు ఇంకో మెట్టు పైకెక్కి ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ అడుగుతున్నారు. అక్కడ నేను వాళ్లతో విడిపోతాను. ఇందులో ఫ్రీవీలు ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, కాళ్లు ఆపి జారుకుంటూ పోవడం కుదరదు. ఇది వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్ కోసం పుట్టిన సైకిల్. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అలాంటి ట్రాక్ ఒకటి ఉంది. అందరూ ఒకే దిక్కుకు పోయే ఆ వాలు ట్రాక్ మీద బ్రేకు లేకపోవడమే క్షేమం, ముందున్నవాడు హఠాత్తుగా ఆగడు కాబట్టి. న్యూయార్క్ లాంటి నగరాల్లో ఉత్తరాలు, కాగితాలు చేరవేసే కొరియర్ కుర్రాళ్లు దాన్ని రోడ్డెక్కించారు, అక్కణ్నుంచి ఫ్యాషన్ అయింది. తేలిక, అందం, చక్రంతో కాలికి నేరుగా ఉండే పట్టు, ఎప్పుడూ తొక్కుతూనే ఉండటంవల్ల వ్యాయామం, ఇవన్నీ దాని అభిమానులు చెప్పే సుగుణాలు. అబద్ధాలేం కావు. కానీ మన వీధిని ఒకసారి ఊహించుకోండి. కొలతా పాడూ లేని స్పీడ్ బ్రేకర్ వస్తే ఎవరైనా రెండు పెడళ్లూ సమంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి దాటతారు. ఫిక్స్‌డ్ మీద కాలు ఆగదు, సరిగ్గా గడ్డ మీదికి వచ్చేసరికి ఒక పెడల్ కింద ఉంటుంది. మలుపులో ఒరిగినప్పుడూ అంతే, లోపలి వైపు పెడల్ నేలకు తగిలి సైకిల్‌ను ఎగరేస్తుంది. ప్యాంటు అంచో చున్నీ కొసో చైనులో పడితే మామూలు సైకిల్‌లో కాలు ఆపితే చైను ఆగుతుంది. ఇందులో సైకిల్ ఆగేదాకా చైను లాగుతూనే ఉంటుంది.

బ్రేకుల సంగతి ఇంకా పెద్దది. కాళ్లతో వెనక్కి అదిమి ఆపొచ్చు, బ్రేకులెందుకు అనేవాళ్లున్నారు. వేగాన్ని ఆపేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే వెనక చక్రం ఒక్కదానితో ఆపితే, ముందు బ్రేకుతో ఆగే దూరానికి దాదాపు రెట్టింపు దూరం పడుతుంది. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ చనిపోయింది. తొక్కిన యువకుడికి మరుసటి ఏడు 18 నెలల శిక్ష పడింది. వాడిన చట్టం గుర్రబ్బళ్ల కాలపు 1861 నాటిది. బ్రిటన్ నిబంధనలు ఫిక్స్‌డ్ చక్రాన్ని ఒక బ్రేకుగా లెక్కలోకి తీసుకుంటాయి, కాని దానికి తోడు ముందు చక్రానికి బ్రేకు ఉండి తీరాలంటాయి. మోజు తీరనివాళ్లు అదే కనీస హద్దుగా పెట్టుకోవాలి. రోజువారీ తొక్కుడికి మాత్రం ఫ్రీవీలు, రెండు చక్రాలకూ రెండు బ్రేకులు, వీటిలో బేరాలు లేవు.

అందరికీ ఒక్క గేరే అని పట్టుబట్టడం నా ఉద్దేశం కాదు. రోజూ కిలోమీటరు పొడవునా ఎత్తు ఎక్కాల్సినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, వెనక క్యారియర్ మీద పిల్లాణ్నో బరువో మోసేవాళ్లు గేర్లు కోరుకోవడం న్యాయమే. వాళ్లకు నప్పేది వెనక చక్రం మధ్య భాగంలోనే గేర్లు దాగి ఉండే మూడు గేర్ల హబ్. ఇంగ్లండ్‌లో పుట్టిన స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1900ల తొలినాళ్ల నుంచే వాటిని చేస్తోంది. దుమ్ము లోపలికి పోదు, నిలబడి ఉండగానే గేరు మార్చుకోవచ్చు. అలాంటివి మన షాపుల్లో అరుదుగా దొరకడం, ఇరవయ్యొక్క గేర్లవి వరుసలు కట్టి ఉండటం మార్కెట్టు చేసిన పని. నగర రోడ్ల మీద సైకిల్‌కు చోటు లేదన్న ఫిర్యాదు కూడా నిజమే, దానికి గేర్లతో సంబంధం లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఆదివారం వ్యాయామానికి బాగుంది గానీ, ఊళ్లో ఆఫీసుకు పోయేవాడికి దారి కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగులునూ, గేర్లు మానేస్తే మిగిలే డబ్బునూ గట్టి బ్రేకు రబ్బర్లకు, వెనక ఎర్ర లైటుకు, మడ్‌గార్డులకు, నిండు చైన్ కవరుకు పెట్టడం మేలు. షాపులవాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. కొన్నవాళ్లు ఎక్కడ ఉంటారో, ఏ దారిన వెళ్తారో అడిగి, 18 పళ్ల ఫ్రీవీలు ఉంచాలా, 20దో 22దో మార్చాలా అన్నది అక్కడికక్కడే తేల్చి బిగించి ఇవ్వడం. పాత సైకిల్‌కైనా మెకానిక్‌కు ఇది పది నిమిషాల పని.