నెట్ స్లో అని ప్లాన్ పెంచేస్తున్నారా? ఆగండి, తప్పు మీ ఇంటి గాలిది కావచ్చు

ఇంట్లో వీడియో కాల్ ఆగిపోతే మనలో చాలామంది చేసే మొదటి పని, నెట్ వాళ్లకు ఫోన్ చేసి తిట్టడం. రెండో పని, 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 300 ప్లాన్ వేయించుకోవడం. అయినా మారకపోతే, నాలుగు యాంటెన్నాలు నిలబెట్టుకున్న కొత్త రూటర్ ఆర్డర్ పెట్టడం. ఈ మూడింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అసలు సమస్య ఎక్కడుందో చూడటం. దానికి పైసా ఖర్చు లేదు, ఐదు నిమిషాలు చాలు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. మన ఇళ్లలో, హాస్టళ్లలో "నెట్ స్లో" అని పేరు పెట్టేసే సమస్యల్లో చాలావరకు నెట్‌వి కావు. రూటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉన్న పది, ఇరవై అడుగుల గాలివి. ప్లాన్ అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు. ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లు అసలే చెప్పరు. చివరికి జేబు ఖాళీ అయ్యేది మనకే.

ఒకే పేరు, రెండు దారులు

వైఫై, ఇంటర్నెట్ ఒకటే అన్నట్టు మాట్లాడేస్తాం. నిజానికి అవి రెండు వేర్వేరు దారులు. బయట నుంచి ఫైబర్ మీ రూటర్ దాకా వస్తుంది, అది ఒకటి. రూటర్ నుంచి మీ ల్యాప్‌టాప్ దాకా రేడియో తరంగాలు వెళ్తాయి, అది రెండోది. మీరు నెలనెలా డబ్బు కడుతున్నది మొదటి దారికి మాత్రమే. రెండో దారి ఇరుకుగా ఉంటే మొదటిదాన్ని నాలుగు లైన్ల హైవే చేసినా లాభం లేదు.

ఏ దారిలో ఆగిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక అడ్రస్ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. అదే మీ రూటర్. ఆ అడ్రస్‌కు పింగ్ పెట్టండి. చివర్లో ఖాళీ ఇచ్చి హైఫన్, టీ అక్షరం కలిపితే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇంకో విండోలో 8.8.8.8కి కూడా అలాగే పెట్టండి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన చూడండి. రూటర్ నుంచి జవాబు నిలకడగా పది మిల్లీసెకన్ల లోపే వస్తూ, 8.8.8.8 మాత్రం తడబడుతుంటే తప్పు చాలావరకు బయట లైన్‌ది. అప్పుడు ఫోన్ చేసి అడగండి, ఆ హక్కు మీకుంది. కానీ పక్క గదిలో ఉన్న రూటరే ఒకసారి 3, ఒకసారి 250, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటుంటే ప్లాన్‌ను ఎంత పెంచినా అది మారదు.

అనుమానం తీరకపోతే ఒక ల్యాన్ కేబుల్ గుచ్చి స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్‌తో పూర్తి స్పీడ్ వచ్చి వైఫైలో రాకపోతే ఇక చర్చే లేదు. ఒక్క జాగ్రత్త: 300 ప్లాన్ ఉండి కేబుల్‌లో సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతే అది లైన్ తప్పు కాకపోవచ్చు. రూటర్‌కో ల్యాప్‌టాప్‌కో ఉన్న పోర్ట్ 100 ఎంబీపీఎస్‌ది అయి ఉండొచ్చు, లేదా కేబుల్ లోపల తీగ తెగి ఉండొచ్చు.

2.4లో ఇరుక్కుపోయిన ల్యాప్‌టాప్

నేను చూసిన కేసుల్లో ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే. విండోస్ 11 సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు వెళ్లి, మీరు కనెక్ట్ అయిన వైఫై ప్రాపర్టీస్ తెరవండి. నెట్‌వర్క్ బ్యాండ్, ప్రోటోకాల్, లింక్ స్పీడ్ అన్నీ అక్కడే ఉంటాయి. మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ నొక్కిపట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే చాలు.

బ్యాండ్ దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ అని ఉందా? ఇక లెక్క చూడండి. ఒకే యాంటెన్నా ఉన్న వైఫై 4 కార్డ్‌కు మామూలు 20 మెగాహెర్ట్జ్ చానల్‌లో గరిష్ఠ లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్. రెండు యాంటెన్నాలుంటే 144. అది కూడా కాగితం మీది అంకె. చేతికొచ్చేది దాదాపు సగం, అపార్ట్‌మెంట్ గుంపులో ఇంకా తక్కువ. అదే కార్డ్‌కు మీరు 300 ప్లాన్ వేయించారు. ఇక దానికి నెట్ వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

2.4 బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తాకని చానళ్లు మూడే: 1, 6, 11. మీ ఫ్లోర్‌లో, పైన, కింద కలిపి పదిహేను రూటర్లు ఉంటే అన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. బ్లూటూత్ ఉండేది ఇక్కడే. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది ఇక్కడే. తెలివిగా 3 లేదా 8 పెట్టుకుందాం అనుకుంటే ఇంకా చెడుతుంది. ఒకే చానల్‌లో ఉన్న రూటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు పాటిస్తాయి. సగం సగం కలిసే చానళ్లలో అయితే పక్కవాడి మాట అర్థం కాని గోల అవుతుంది, అంతే.

5 గిగాహెర్ట్జ్‌లో ఈ బాధ చాలా తక్కువ. మన దేశంలో 2018లో ఈ బ్యాండ్‌లో చాలా భాగాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి తెరిచారు కాబట్టి చానళ్లకు కొదవ లేదు. రెండు యాంటెన్నాల వైఫై 5 కార్డ్ అక్కడ 867 ఎంబీపీఎస్ లింక్ పట్టుకోగలదు. లోపం ఒకటే, గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. అందుకే చాలా ల్యాప్‌టాప్‌లు దూరం వెళ్లగానే 2.4కి దిగిపోతాయి. దగ్గరికొచ్చాక కూడా మొండిగా అక్కడే కూర్చుంటాయి. మందు తేలికే: రూటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ను దానికే కలపండి. కొన్ని వైఫై కార్డ్‌ల డ్రైవర్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అనే ఆప్షన్ కూడా ఉంటుంది.

దీనివల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. మా టీమ్‌లో ఒకతను రాజమండ్రి నుంచి పని చేస్తాడు. రోజూ పొద్దున కాల్‌లో అతని గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. రెండుసార్లు ప్లాన్ పెంచాడు. "నెట్ సాకు చెప్పి తప్పించుకుంటున్నాడు" అనే మాట కూడా మొదలైంది. చివరికి చూస్తే ల్యాప్‌టాప్ 2.4లో ఉంది, పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఎప్పుడూ గుచ్చి ఉండేది. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో గోల సరిగ్గా 2.4 మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పేపర్‌లో వివరంగా చెప్పింది. 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, డిస్క్‌ను పొడవైన వైరుతో దూరం జరిపాడు. ఆ రోజు నుంచి కాల్ తెగలేదు. పెంచిన ప్లాన్ మాత్రం నెలనెలా బిల్లు పంపుతూనే ఉంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, ప్రాక్టరింగ్ ఉన్న పరీక్ష లాంటివి అయితే రెండో ఛాన్స్ కూడా ఉండకపోవచ్చు.

బీరువా వెనక రూటర్

మన ఇళ్లలో రూటర్ ఎక్కడుంటుంది? ఫైబర్ లోపలికొచ్చిన చోట. అంటే గుమ్మం పైన, లేదా టీవీ వెనక. వచ్చినతను వైర్ తక్కువ పట్టే చోట బిగించి వెళ్లిపోతాడు, మనం ఐదేళ్లు దాన్ని కదపం. మధ్యలో ఇనుప బీరువా, నిలువుటద్దం, కాంక్రీట్ గోడ, పై ఇంటికి స్లాబ్. లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చేస్తాయి. అక్వేరియం పక్కన రూటర్ పెట్టి "సిగ్నల్ లేదు" అంటే చేపలకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

పదిహేను మీటర్ల కేబుల్ తీసుకుని రూటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి ఎత్తులో, తెరిచిన చోట పెట్టండి. ఖరీదైన గేమింగ్ రూటర్ గుమ్మం దగ్గర చేసేదానికంటే మామూలు రూటర్ హాల్ మధ్యలో ఎక్కువ పని చేస్తుంది. సిగ్నల్‌ను డీబీఎంలో చూపించే ఆప్ ఉంటే గుర్తుంచుకోవాల్సినవి మూడే: మైనస్ 50 అంటే అద్భుతం, మైనస్ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు, మైనస్ 80 అంటే దేవుడి దయ.

ఎక్స్‌టెండర్ కొందామా అంటే, చవకైన సింగిల్ బ్యాండ్ ఎక్స్‌టెండర్ విన్న ప్రతి మాటనీ అదే చానల్‌లో మళ్లీ చెప్పాలి. అంటే స్పీడ్ సుమారు సగానికి పడిపోతుంది. దానికి బదులు రెండో గదికి కేబుల్ లాగి పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవడం చవక, మెరుగు కూడా.

కనెక్ట్ అయింది, నెట్ రాదు

ఇది వేరే జాతి సమస్య. ఇక్కడ గాలిది కాదు, సెట్టింగ్‌ది తప్పు.

- మీ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ చేసి మళ్లీ కలపండి, లేకపోతే రూటర్ రీస్టార్ట్ చేయండి.
- 8.8.8.8కి పింగ్ వెళ్తోంది కానీ ఏ సైట్ తెరుచుకోవట్లేదంటే డీఎన్ఎస్‌ను అనుమానించండి. 1.1.1.1 పెట్టి చూడండి.
- హాస్టల్, కాలేజీ వైఫైలో లాగిన్ పేజీ రాకపోతే వీపీఎన్, సొంత డీఎన్ఎస్ ఆపండి. ల్యాప్‌టాప్ తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పైతే బ్రౌజర్ సురక్షిత సైట్లను నమ్మదు.
- పాత ల్యాప్‌టాప్ కొత్త రూటర్‌కు అసలు కలవకపోతే సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉండొచ్చు. డబ్ల్యూపీఏ2, 3 కలిపిన మోడ్‌కు మార్చండి. టీకేఐపీ అని ఉంటే వెంటనే ఏఈఎస్‌కు మార్చండి, పాత టీకేఐపీ పెడితే లింక్ 54 ఎంబీపీఎస్ దాటదు.
- స్లీప్ నుంచి లేచాక వైఫై మాయమైతే డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ టిక్ తీసేయండి. డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి.

స్పెక్ షీట్ దాచే మాట

ఇప్పుడు నా అసలు కోపం. ల్యాప్‌టాప్ బాక్స్ మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వైఫై దగ్గరికొచ్చేసరికి "వైఫై 5" లేదా "వైఫై 6" అని ఒక్క ముక్క. అది 1x1 కార్డా, 2x2 కార్డా అన్నది చాలాచోట్ల కనిపించదు. తేడా చిన్నది కాదు. 80 మెగాహెర్ట్జ్ చానల్‌లో వైఫై 5 1x1 కార్డ్ గరిష్ఠం 433 ఎంబీపీఎస్, 2x2 అయితే 867. వైఫై 6లో 600కీ 1200కీ ఉన్నంత తేడా. అంటే 1x1 వైఫై 6 కంటే 2x2 వైఫై 5 కాగితం మీద వేగం. స్టిక్కర్ చూసి కొన్నవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

రివ్యూలు చెప్పాలి. ఫోన్ కెమెరాతో రాత్రి తీసిన ఇరవై ఫోటోలు పెడతాం, ఛార్జింగ్‌ను నిమిషాలతో లెక్కేస్తాం. బడ్జెట్ ల్యాప్‌టాప్ కొనే స్టూడెంట్‌కు రోజూ పది గంటలు పనికొచ్చేది మాత్రం వైఫై కార్డ్. రెండు గోడల అవతల ఎంత స్పీడ్ వచ్చిందో ఒక్క అంకె, కార్డ్ మోడల్ పేరు ఒక్క లైన్, ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో ఉండాలన్నది నా డిమాండ్. కార్డ్ మార్చుకునే వీలుందా, బోర్డుకు అతికించేశారా అన్నది కూడా చెప్పాలి. ఎం.2 స్లాట్ ఉంటే స్క్రూ డ్రైవర్‌తో మార్చేసుకోవచ్చు. అయితే కొన్ని ఇంటెల్ కార్డ్‌లు కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లతోనే పని చేస్తాయి, చూసుకుని కొనాలి.

"ఇవన్నీ మా అమ్మకు, నాన్నకు ఎలా తెలుస్తాయి?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. పింగ్ కొట్టమని వాళ్లకు చెప్పలేం. అందుకే ఇంట్లో బీటెక్ చదివిన మనం ఆ పని చేయాలి. ప్లాన్ పెంచితే బాగుపడే ఇళ్లు కూడా లేకపోలేదు. ఐదుగురు ఒకేసారి 4కే చూసే ఇంటికి 40 ఎంబీపీఎస్ చాలదు. కానీ అది కూడా కొలిచాకే తెలుస్తుంది.

కాబట్టి ఈసారి ఇంట్లో ఎవరైనా "నెట్ స్లో రా, పెద్ద ప్లాన్ వేయించు" అంటే వెంటనే యూపీఐ తెరవకండి. ముందు రూటర్‌కు పింగ్, తర్వాత బ్యాండ్, తర్వాత రూటర్ ఉన్న చోటు చూడండి. ఈ మూడూ బాగున్నాక కూడా స్లోగా ఉంటే అప్పుడు డబ్బు ఖర్చు పెట్టండి.