విద్యార్థి చేతి పరికరములు

ఇంజనీరింగు చదువు ముగియవచ్చిన మన విద్యార్థులు ఉద్యోగార్థులై కూర్చుకొను రెజ్యూమేలయందు, మార్కుల వివరములకు దిగువను, సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, గిట్, వీఎస్ కోడ్ అని భాషలును పరికరములును ఒక్క వరుసలో నిలిచిన జాబితా తప్పక కానవచ్చును. ఆ జాబితా అసత్యమని నేననను. అందలి ప్రతి పేరుతోను ఆ విద్యార్థికి కొంత పరిచయముండుట నిజమే. కాని పరిచయము వేరు, స్వాధీనత వేరు. తాను వ్రాసిన ప్రోగ్రాములోని దోషమును తానే, ఏ పరికరముతో, ఏ క్రమమున పట్టుకొనగలడో అదియే విద్యార్థి కౌశలమునకు ప్రమాణమని నా దృఢవిశ్వాసము.

మొదటి సంవత్సరపు ల్యాబులో ప్రతివారును చేయు ఫాక్టోరియల్ లెక్కనే తీసికొందము. టర్బో సీలో సాధారణ పూర్ణాంకముతో ఆ ప్రోగ్రామును వ్రాసి 7 ఇచ్చినచో 5040 అని సరిగానే వచ్చును. 8 ఇచ్చినచో 40320 రావలసినచోట -25216 ప్రత్యక్షమగును. ఆ కంపైలరు పూర్ణాంకమునకు కేటాయించు చోటు 16 బిట్లే గనుక, 32767 దాటిన సంఖ్య అందు ఇమడక, 65536 తరిగి ఋణపక్షమునకు మరలును. అదే ప్రోగ్రామును నేటి జీసీసీ కంపైలరుతో నడిపినచో 12 వరకు ఫలితము నిర్దుష్టము. 13 కడ మాత్రము 6227020800 కు బదులుగా 1932053504 వచ్చును. మొదటి తప్పును ఎంతటి క్రొత్తవాడైనను గుర్తించును, ఏలయన ఫాక్టోరియల్ ఋణసంఖ్య కాజాలదు. రెండవది ధనసంఖ్యయై, తగినంత పెద్దదియై, నిజమువలెనే నిలిచి కన్నులను వంచించును. పరికరజ్ఞానము అక్కరకు వచ్చునది ఇచటనే. కంపైలు చేయునపుడు, ఇట్టి దోషములను కనిపెట్టు శానిటైజరును జతపరచుకొన్న విద్యార్థికి, ఫలానా పంక్తిలో 479001600 ను 13 తో హెచ్చించగా వచ్చు లబ్ధము ఆ చోటున పట్టదని కంప్యూటరే తెలుపును. జీడీబీ అను డీబగ్గరు తెలిసినవాడు లూపును అడుగడుగున ఆపి, ఏ చుట్టులో విలువ చెడినదో స్వయముగా చూచును. మగ్గపు చప్పుడులోని తేడానుబట్టి పోగెక్కడ తెగినదో గ్రహించు నేతగాని నేర్పు వంటిది ఈ నేర్పు.

ఈ నేర్పు కొరవడినందుకు విద్యార్థిని నిందించుట అన్యాయము; లోపము ల్యాబులలోని పాత పరికరముదే. టర్బో సీని బోర్లాండు సంస్థ 1987లో విడుదల చేసెను. సీ భాషకు అమెరికా ప్రమాణము వెలువడినది 1989లో, సీ ప్లస్ ప్లస్‌కు అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది 1998లో; టర్బో సీ ఆ రెంటికన్న ముందే పుట్టినది. ఎడిటరును, కంపైలరును, డీబగ్గరును ఒక్క తెరపై చేర్చిన ఆ పరికరము తన కాలమున ఉత్తమమైనదే. దాని ఘనతను తక్కువచేయుట నా అభిమతము కాదు. కాని 64 బిట్ల విండోసు దానిని నేరుగా నడుపజాలదని తెలిసియు, డాస్‌బాక్స్ ద్వారా పాతకాలపు యంత్రమును క్రొత్తయంత్రమున అభినయింపజేసి, ఆ నీలపుతెర యెదుటనే పిల్లలను కూర్చుండబెట్టిన కళాశాలలు మనకు పెక్కు కలవు. అచట అలవడిన వాయిడ్ మెయిన్, కోనియో, క్లియర్ స్క్రీన్ పంక్తులను ఉద్యోగపరీక్షలో జీసీసీకి ఇచ్చినపుడు, అది కోనియో అను ఫైలే లేదని త్రోసివేయును. నాలుగేండ్లు రుసుము కట్టి చదివినవాడు, అటుపై అమీర్‌పేట శిక్షణాలయములలో మరల రుసుము కట్టి, మొదటి నెలలోనే తెలియవలసిన సంగతులను నేర్చుకొనవలసివచ్చుట తల్లిదండ్రుల కష్టార్జితమునకు జరుగుచున్న నష్టము.

ఇష్టమైన ఎడిటరు ఏదియన్న వాదము యువకులలో ఎన్నడును తెగదు. 1976లో బిల్ జాయ్ వీఐ అను ఎడిటరును రచించెను. ఆ మార్గముననే 1991లో విమ్‌ను వెలువరించిన బ్రామ్ మూలెనార్, దానిని ఉచితముగా ఇచ్చి, మెచ్చినవారు ఉగాండాలోని నిరుపేద బాలలకు సహాయము చేయుడని మాత్రమే కోరి, 2023లో మరణించువరకు దానిని పోషించుచు వచ్చెను. అట్టి పరికరమును వాడువారు ఆ కథను కూడ ఎరిగియుండుట మంచిది. 2015లో వచ్చిన వీఎస్ కోడ్ నేటి విద్యార్థులకు ప్రియతమము. అందు దోషమేమియు లేదు. అయినను, మొదటి సెమిస్టరులో సామాన్యమైన ఎడిటరులో వ్రాసి, టెర్మినల్‌లో తన చేతితో కంపైలు చేసి నడిపినవానికే, ‘రన్’ మీట వెనుక జరుగునదేమో బోధపడునని నా నిశ్చయము.

గిట్ విషయము ఇంకను ముఖ్యము. ప్రాజెక్టు చేయు నలుగురు మిత్రులు ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్ అని ఫైళ్లకు పేర్లు పెట్టి వాట్సాప్‌లో పంపుకొనుచు, చివరకు ఎవరి మార్పు ఎచట పోయినదో తెలియక పరీక్షకు ముందురాత్రి తల్లడిల్లుట మన హాస్టళ్లలో నిత్యకృత్యము. లినక్స్ కెర్నల్‌ను రచించు వేలమందికి ఇంతకన్న పెద్ద చిక్కే వచ్చినది: మార్పుల లెక్కను ఉంచుటకు తాము వాడుచుండిన బిట్‌కీపర్ అను పరికరపు ఉచితానుమతి రద్దుకాగా, లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ రచనకు పూనుకొని, కొలది దినములలోనే గిట్ మూలకోడును గిట్‌లోనే భద్రపరచెను. ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చిరో చెప్పగల పరికరము చేతనుండగా, తప్పు ఎప్పుడు ప్రవేశించినదో వెదకుట సగము సులువగును.

2022 నవంబరున చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, అడిగినంతనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు విద్యార్థికి సులభములైనవి. వానిని నిషేధింపుమని నేననను. కాని అవి ఇచ్చిన ఫాక్టోరియల్ 13 కడ తప్పినచో, ఆ తప్పును పట్టుకొనవలసినవాడు ఆ విద్యార్థియే కదా!

కళాశాలల అధ్యాపకులకు నా విజ్ఞప్తి ఒక్కటి. జీసీసీ, జీడీబీ, గిట్ అన్నియు ఉచితములు; మీ ల్యాబులోని పాత కంప్యూటర్లపై తేలికపాటి లినక్స్ నిరాటంకముగా నడచును. ఈ సెమిస్టరుననే టర్బో సీని తొలగింపుడు; రికార్డు పుస్తకములో ప్రోగ్రాముతోపాటు, అందు దొరలిన దోషమును, దానిని పట్టుకొన్న విధమును కూడ విద్యార్థిచేత వ్రాయింపుడు; వైవాలో దానిపైననే ప్రశ్నించి మార్కులు వేయుడు.