తామర పురుగు ఏ జాతిది? వైరస్ తెగుళ్ళ యాజమాన్యంలో తొలి ప్రశ్న

2000 ఖరీఫ్‌లో నాటి అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ కాండం కుళ్ళు వైరస్ తెగులుకు గురైంది. పంట నష్టం 300 కోట్ల రూపాయలను మించినట్లు అంచనా. తొలుత మొవ్వుకుళ్ళుగా భావించిన ఈ తెగులుకు టొబాకో స్ట్రీక్ వైరస్ కారణమని పరిశోధనలో తేలింది. మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వర్షాధార వేరుశనగకు ఆ అనుభవం నేటికీ పాఠమే. రెండు తెగుళ్ళకూ "తామర పురుగులను నివారించండి" అన్న ఒకే సలహాతో సరిపెట్టడం శాస్త్రసమ్మతం కాదు.

వాహకాన్ని గుర్తించడంలో పొరపాటు పరిశోధనా స్థాయిలోనూ జరిగింది. మొవ్వుకుళ్ళు వాహకం ఫ్రాంక్లినియెల్లా షుల్జీ అని 1980లలో భావించగా, త్రిప్స్ పామీయే ప్రధాన వాహకమని 1990లలో తేలింది. ఒక మిల్లీమీటరు పురుగులో తేడాను చూపేవి సూక్ష్మ శరీర భాగాలే. త్రిప్స్ పామీ స్పర్శశృంగానికి 7 ఖండితాలు. తలపై మూడవ జత శూకాలు సరళనేత్రాల త్రిభుజానికి వెలుపల ఉంటాయి. షుల్జీకి 8 ఖండితాలు. ఆ శూకాలు వెనుక సరళనేత్రాల నడుమ దగ్గరగా ఉంటాయి. సిర్టోత్రిప్స్ డార్సాలిస్‌కూ ఖండితాలు 8 అయినా, ఉదర ఖండితాల పక్కల సన్నని నూగు వరుసలు దానిని వేరు చేస్తాయి. రంగును బట్టి నిర్ణయించడం నమ్మదగినది కాదు.

ఈ భేదం యాజమాన్యాన్నే మారుస్తుంది. మొవ్వుకుళ్ళు వైరస్‌ను పిల్ల పురుగు గ్రహించగా, అది పురుగు దేహంలో వృద్ధి చెంది, పెద్ద పురుగు ద్వారా వ్యాపిస్తుంది. అందుకే ఇక్కడ జాతి కీలకం. కాండం కుళ్ళులో వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడిని మోసే షుల్జీ, డార్సాలిస్ వంటి పలు జాతులు ఆకును గీకినపుడు గాయం ద్వారా వైరస్ మొక్కలో ప్రవేశిస్తుంది. వేరుశనగ పుప్పొడి పూవులోనే మూసుకొని ఉండడంతో పంటలో మొక్క నుండి మొక్కకు వ్యాప్తి స్వల్పం. కావున తెగులు సోకిన మొక్కలను పీకడం కంటే, గట్లపై, బీళ్ళలో వయ్యారిభామను పూతకు ముందే తొలగించడం, పొలం చుట్టూ జొన్న లేదా సజ్జ వరుసలు వేయడం ప్రయోజనకరం.

క్షేత్రస్థాయిలో శూకాలు లెక్కించడం అసాధ్యమన్న అభ్యంతరం సమంజసమే. అయితే విస్తరణ సిబ్బంది చేయవలసినది లెక్కింపు కాదు. పూలను, మొవ్వులను తెల్ల కాగితంపై దులిపి, రాలిన పురుగులను ఆల్కహాలులో భద్రపరచి, పంట, తేదీ, గ్రామం రాసి, తెగులు సోకిన ఆకులతో పాటు పంపడం. కదిరి వంటి పరిశోధనా స్థానాలలో స్లైడు తయారీలో శిక్షణ పొందిన ఒక్కరుంటే మిగతా పని సాగుతుంది. ఈ నైపుణ్యాన్ని విద్యార్థులకు పరీక్ష కోసం కాక, సలహాకు పునాదిగా నేర్పాలి. వాహకం పేరు తెలియని సలహా రైతుకు మందు ఖర్చును మాత్రమే మిగులుస్తుంది.